నడకకు ముహూర్తం కుదరలేదు

కూకట్‌పల్లిలోని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పోయిన ఆదివారం ఒక చారిత్రక సమావేశం జరిగింది. ఎజెండాలో ఒకటే అంశం: రోజూ పొద్దున్నే అందరం కలిసి వాకింగ్‌కి వెళ్లడం. పద్నాలుగు మంది వచ్చారు. ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని గంటా నలభై నిమిషాలు కూర్చున్నాం. వాకింగ్‌కి టైమ్ లేదని తేలింది.

ఇదేమీ ఆషామాషీగా తేలలేదు. పెద్ద కసరత్తే జరిగింది.

సెక్రటరీగారు "రేపే మొదలుపెడదాం" అన్నారు. మూడో అంతస్తు రిటైర్డ్ బ్యాంకు మేనేజరుగారు చొక్కా జేబులోంచి చిన్న క్యాలెండర్ తీశారు. ఇది ఆషాఢం, కొత్త పని మొదలుపెట్టకూడదు. పోనీ శ్రావణం? పెళ్లిళ్లు, నోములు, పైగా మా రోడ్డు మీద మోకాల్లోతు నీళ్లు. భాద్రపదం శూన్యమాసం, పార్కింగ్‌లో వినాయకుడి పందిరి. దసరాకి సగం మంది ఊళ్లో ఉండరు. కార్తీకంలో ఉపవాసాలు, కళ్లు తిరుగుతాయి. ధనుర్మాసంలో మంచు, ఛాతీ పట్టేస్తుంది. సంక్రాంతికి అరిసెలు తిన్నాక కదలడం మనిషన్నవాడి వల్ల కాదు. మార్చిలో పిల్లల పరీక్షలు. వాళ్లు రాస్తుంటే మనం ఎందుకు నడవకూడదో ఎవరూ అడగలేదు, అందరూ తలలూపారు. ఏప్రిల్, మే ఎండలు. జూన్‌లో స్కూలు ఫీజులు, కాళ్లున్నా మనసుండదు. ఆ తర్వాత వేలు ఎక్కడ పెట్టినా మళ్లీ ఆషాఢమే. మేనేజరుగారు క్యాలెండర్ మూసి, లోన్ శాంక్షన్ కాలేదని చెప్పేటప్పటి ముఖంతో మా అందరి వంకా చూశారు.

అప్పుడు ఉస్మానియా బిస్కెట్లు వచ్చాయి.

ఐదో అంతస్తు సాఫ్ట్‌వేర్ కుర్రాడు చేతికున్న వాచీ చూపించి "రోజుకి పదివేల అడుగులు పడకపోతే వేస్ట్ అంకుల్" అన్నాడు. "పదివేలా! ఇంకేం నడుస్తాం" అని సెక్రటరీగారు నిట్టూర్చారు. ఆ నిట్టూర్పులో ఎంత హాయి ఉందో చెప్పలేను. ఈ పదివేలు ఏ ఉపనిషత్తులోనూ లేదు. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడు, 1965లో, జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే మీటరు అమ్మకానికి పెట్టి దానికి పదివేల అడుగుల మీటరని పేరుపెట్టింది. గుండ్రటి అంకె, గిరాకీ తగిలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లని అడిగేది వారానికి కనీసం 150 నిమిషాలు, కాస్త ఊపిరి వేగం పెరిగేలా కదలమని. వారానికి 10,080 నిమిషాలు. మిగతా 9,930 మనవే, బిస్కెట్లు తినుకోవచ్చు. ఈ ముక్క అక్కడే చెబుదామనుకున్నాను. నోట్లో బిస్కెట్ ఉంది.

నేను మాత్రం తక్కువ తిన్నానా? "నాకు మోకాళ్లండీ" అన్నాను. మోకాళ్లకి ఏమైందని ఒక్కరూ అడగలేదు. అందరికీ ఉన్నాయి కదా మోకాళ్లు.

అప్పుడు రెండో అంతస్తు టీచరుగారు నెమ్మదిగా అన్నారు: "నేను రోజూ ఐదున్నరకి చెరువు కట్ట మీద నడుస్తున్నానండీ. వచ్చేవాళ్లు వచ్చేయండి."

మేనేజరుగారు బిస్కెట్ చాయ్‌లో ముంచి, "మీకెందుకమ్మా వాకింగ్? ఇంటిపనే మీకు ఎక్సర్‌సైజు" అన్నారు. ఆవిడ తప్ప అందరం నవ్వాం.

ఐదు రోజులైంది, ఆ నవ్వు ఇంకా నాకు మండుతోంది. అందులో నాదీ ఉంది కాబట్టి మరీ మండుతోంది. ఆవిడ నాలుగున్నరకి లేస్తారు. నడిచొచ్చాక రెండు క్యారేజీలు, అత్తగారికి జావ, ఎనిమిదింటికి స్కూలు బస్సు. మొదటిసారి చీర మీద షూస్ వేసుకుని గేటు దాటినప్పుడు "ఈ వయసులో షోకులు" అన్నది ఈ సెల్లార్‌లో కూర్చున్నవాళ్లే. ఆ మాటకి రెండు నెలలు మానేశారు, నాకేమైనా పిచ్చా అని తనని తనే అనుమానించుకుని. ఇంటిపనే వ్యాయామమట! 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చిన లెక్క చూడండి. 2022లో మన దేశంలో చాలినంత శారీరక శ్రమ లేనివాళ్లు మగవాళ్లలో 42 శాతం, ఆడవాళ్లలో 57 శాతం. ఇంటిపని కూడా కలిపి వేసిన లెక్కే అది! అంట్లు తోమితే నడుం పడిపోతుందయ్యా, గుండె గట్టిపడదు. టైమ్ లేదనే హక్కు ఆ బిల్డింగ్‌లో ఎవరికైనా ఉంటే ఆవిడకుంది. ఆవిడ అనలేదు. మంచం దగ్గరికి కాఫీ వస్తే తప్ప కన్ను తెరవని మేం అన్నాం, సిగ్గులేకుండా.

సోమవారం ఐదూ నలభైకి పిల్లిలా తలుపు తీసి కిందికి దిగాను. గుండె దడదడలాడింది, మెట్లు దిగినందుకు కాదు, ఎవరైనా చూస్తారేమోనని. గేటు దగ్గర కార్లు కడుగుతున్న వాచ్‌మన్ నన్ను చూసి కంగారుపడ్డాడు.

"ఏం సార్, పాలు రాలేదా?"

"రాలేదు" అన్నాను.

పాల బూత్ దాకా నడిచి ఒక ప్యాకెట్ తెచ్చాను. ఇంట్లో అప్పటికే రెండున్నాయి. మంగళవారమూ అదే అడిగాడు, అదే చెప్పాను. ఇవాళ శుక్రవారం. మా ఫ్రిజ్‌లో ఏ గిన్నె మూత తీసినా పెరుగే.