26వ స్లైడ్ మీద నేను రాసిన మాట

జూన్ మొదటి శనివారం ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం గ్రాడ్యుయేషన్ అభినందన సభ ఎలా జరిగిందో వచ్చినవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. హాలు నిండిపోయింది. హైస్కూల్ పూర్తి చేసిన పిల్లలు 31 మంది. ఏటా లాగే తెర మీద ఒక్కొక్కరి ఫోటో, పేరు, దాని కింద చేరబోయే యూనివర్సిటీ, తీసుకున్న మేజర్. పేరు చదవగానే చప్పట్లు, అధ్యక్షుల చేతుల మీదుగా మెమెంటో, అమ్మానాన్నలతో ఫోటో. ఆరేళ్లుగా ఆ స్లైడ్లు తయారు చేస్తున్నది నేనే.

26వ స్లైడ్ మీద ఆ అబ్బాయి పేరు కింద ‘గ్యాప్ ఇయర్’ అని ఉంది.

అది నిజం కాదు. ఆ అబ్బాయి ఏడాది ఖాళీగా ఉండటం లేదు. హీటింగ్, కూలింగ్, రిఫ్రిజిరేషన్ పనిలో అప్రెంటిస్‌గా అప్పటికే ఎంపికయ్యాడు. మార్చిలో పరీక్ష రాశాడు, ఏప్రిల్‌లో ఇంటర్వ్యూకి వెళ్లాడు, మేలో ఉత్తరం వచ్చింది. స్లైడ్‌లో నేను మొదట రాసింది అదే. సభకు ముందు రోజు రాత్రి పదిన్నరకు వాళ్ల నాన్న ఫోన్ చేశాడు. “అన్నా, అది తీసేసి గ్యాప్ ఇయర్ అని పెట్టండి. అందరూ అడుగుతారు, ఎవరికని సమాధానం చెప్పను” అన్నాడు. నేను మారుమాట్లాడలేదు. మార్చేశాను. రెండు నిమిషాల పని.

మర్నాడు ఆ అబ్బాయి వేదిక ఎక్కుతూ తల తిప్పి తెర వైపు చూశాడు. ఒక్క క్షణం ఆగాడు. మెమెంటో తీసుకుని, ఫోటో దిగి, దిగిపోయాడు. అంతకుముందు మోగిన చప్పట్లు అప్పుడు మోగలేదు. తిరిగి వస్తుంటే కారులో మా ఆవిడ “వాడి మొహం చూశారా?” అని అడిగింది. చూశాను. అందుకే ఈ నాలుగు మాటలు. (అబ్బాయిని అడిగే రాస్తున్నాను. వాళ్ల నాన్నకూ ముందే చూపించాను. ఒక వాక్యం తీసేయమన్నాడు, తీసేశాను.)

వారం తర్వాత అబ్బాయికి ఫోన్ చేసి క్షమించమని అడిగాను. “పర్లేదంకుల్” అన్నాడు. కాసేపాగి, “మీరొకసారి మా ల్యాబ్‌కి వస్తారా? గురువారం సాయంత్రం ఎవరైనా రావచ్చు” అన్నాడు. ఇక్కడ అప్రెంటిస్ అంటే పగలు సీనియర్ టెక్నీషియన్ వెంట పని, వారంలో రెండు మూడు సాయంత్రాలు క్లాసు. కార్మిక శాఖ దగ్గర రిజిస్టరైన అప్రెంటిస్‌షిప్‌లో ఏడాదికి సుమారు 2,000 గంటల పని, దానికి తోడు సాధారణంగా కనీసం 144 గంటల చదువు. ఇలా మూడు నుంచి అయిదేళ్లు. చేరిన రోజు నుంచే జీతం.

ల్యాబ్‌లో గోడ పొడవునా ఇళ్లను వేడిచేసే ఫర్నేసులు, హీట్ పంపులు, ఒక మూల సూపర్ మార్కెట్లలో ఉండే పెద్ద ఫ్రీజర్. ప్రతి మిషన్ వెనకా తాళం వేసిన చిన్న పెట్టె. దానిలోని స్విచ్చులతో మాస్టారు కావాలని ఏదో ఒక తీగ తెంపుతాడు, ఏదో ఒక సెన్సర్‌ని మాట్లాడకుండా చేస్తాడు. పిల్లలు మీటరు పట్టుకుని తప్పు ఎక్కడుందో కనిపెట్టాలి. ఇది కావచ్చు అని పార్టు మార్చి చూస్తే మార్కులు పోతాయి. ఎందుకు ఇదే అనుకున్నావో కొలిచి చూపించాలి.

మనవాడికి ఆ రోజు వచ్చింది వెలిగి ఆరిపోయే ఫర్నేస్. థర్మోస్టాట్ వేడి అడిగింది, చిన్న ఫ్యాన్ తిరిగింది, ఇగ్నైటర్ ఎర్రబడింది, గ్యాస్ అంటుకుంది. నీలి మంట నాలుగైదు సెకన్లు నిలిచి ఠక్కున ఆరిపోయింది. మళ్లీ అదే. మూడుసార్లు చూసి, మంటలోకి చాచి ఉన్న సన్నటి లోహపు పుల్లను చూపించాడు. మంట నిజంగా ఉందో లేదో ఫర్నేస్‌ను నడిపే కంట్రోల్ బోర్డుకి చెప్పేది అదేనట. మంట గుండా పారే కరెంటు మైక్రో యాంపుల్లో ఉంటుంది. మీటరు పెడితే 0.4 చూపించింది. పుల్ల విప్పి, సన్నటి రాపిడి గుడ్డతో తుడిచి, మళ్లీ బిగించాడు. ఈసారి 3.1. మంట నిలిచింది. “మంట ఉన్నా బోర్డుకి కనపడలేదంకుల్. కనపడకపోతే గ్యాస్ ఆపేయాలి, లేకపోతే ఇల్లంతా గ్యాస్ నిండుతుంది. బోర్డు తప్పేం చేయలేదు” అన్నాడు.

తర్వాత బ్రేజింగ్ బల్ల దగ్గరికి తీసుకెళ్లాడు. వెండి కలిసిన తీగతో రాగి గొట్టాలు అతికించడం అక్కడ నేర్పుతారు. తను అతికించిన గొట్టాలు రెండు, నిలువునా కోసి ఉన్నాయి, నా చేతిలో పెట్టాడు. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి. లోపల ఒకటి నల్లగా మసి పట్టి, గోరుతో గీకితే పొట్టు రాలుతోంది. రెండోది కొత్త బిందెలా మెరుస్తోంది. వేడి చేసేటప్పుడు గొట్టంలోపల గాలి ఉంటే రాగి ఆక్సైడ్ అవుతుంది. నెమ్మదిగా నైట్రోజన్ పారిస్తూ అతికిస్తే కాదు. ఆ నల్లటి పొట్టు కస్టమర్‌కి ఎప్పటికీ కనపడదు. రెండేళ్ల తర్వాత వాల్వులో అడ్డం పడి, నడి వేసవిలో ఏసీ ఆగిపోతుంది. మొదటిది ఆగస్టులో, రెండోది అక్టోబర్‌లో చేశానన్నాడు. ఆ రెండు గొట్టాలనూ ఇంట్లో చదువుకునే బల్ల మీద పెట్టుకున్నాడట. వాళ్ల నాన్న చూశాడా అని అడగబోయి ఆగిపోయాను.

ఆగస్టు అంటే నిరుటి ఆగస్టు. హైస్కూల్ చివరి రెండేళ్లూ ఈ అబ్బాయి సగం రోజు జిల్లా టెక్నికల్ సెంటర్‌కి బస్సులో వెళ్లొచ్చాడు. ఆదివారం తెలుగు బడిలో నా ఎదురుగానే కూర్చునేవాడు. ఏం చదువుతున్నావురా అని ఆ రెండేళ్లలో నేను ఒక్కసారి కూడా అడగలేదు.

నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. మనలో చాలామంది లాగే చదివింది ఒకటి, ఇక్కడికొచ్చి చేస్తున్నది ఇంకొకటి. ఏసీ, ఫ్రిజ్ పనిచేసే పద్ధతి, వేపర్ కంప్రెషన్ సైకిల్, రెండో ఏడాదిలో బట్టీ పట్టాను. కంప్రెసర్, కండెన్సర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, ఇవాపొరేటర్, నాలుగు బిందువులు, నాలుగు గీతలు. ఇప్పుడు లేపి అడిగినా ఆ బొమ్మ గీస్తాను. ఆ సాయంత్రం అబ్బాయి గేజ్ చూపించి “సూపర్‌హీట్ ఎంతుందో చెప్పండంకుల్” అంటే చెప్పలేకపోయాను. ప్రెషర్ చూసి, దానికి ఏ ఉష్ణోగ్రత దగ్గర ద్రవం మరుగుతుందో చార్టులో చూసి, గొట్టానికి క్లాంప్ పెట్టి అసలు ఉష్ణోగ్రత కొలిచి, ఒకదానిలోంచి ఒకటి తీసేశాడు. ఆ తేడానే సూపర్‌హీట్, పదకొండు డిగ్రీలు. నేను పరీక్షలో రాసిన థర్మోడైనమిక్సే అది, అతను చేతులతో చేస్తున్నాడు. దాన్ని చదువు కాదని నేనెలా అనగలను?

మా మేనమామ కొడుకు గుర్తొచ్చాడు. మా ఊళ్లో ఐటీఐలో రెండేళ్ల ఫ్రిజ్, ఏసీ మెకానిక్ ట్రేడ్ చదివాడు. బంధువుల్లో ఎవరింట్లో ఏది ఆగినా బావే రావాలి. పెళ్లిలో జనరేటర్ ఆగితే “ఒరేయ్ వాణ్ణి పిలవండ్రా” అనేవాళ్లు. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు మాత్రం వాడి చదువు సంగతి వచ్చేసరికి గొంతు తగ్గించేవాళ్లు. మా ఇంట్లోనూ అంతే. మా అమ్మ బావకు మొదట కాఫీ ఇచ్చి, ఆ తర్వాతే పని చూపించేది. అంత ప్రేమగా చూసిన మనిషే నాతో “సరిగ్గా చదవకపోతే అట్లా అవుతావు” అనేది. ఆ మాటతోనే పెరిగాం, ఆ మాటతోనే విమానం ఎక్కాం. మన పెద్దవాళ్లను నేను తప్పు పట్టను. చదువొక్కటే దారి అనుకున్న రోజుల్లో అప్పుచేసి చదివించారు, ఆ చలవతోనే ఇక్కడున్నాం. కానీ ఆ గొంతు తగ్గించడం మాత్రం ఇక్కడిదాకా మోసుకొచ్చాం. ఇంగ్లీషులో దానికి ‘గ్యాప్ ఇయర్’ అని పేరు పెట్టాం. అది పెద్దవాళ్లు నేర్పింది కాదు, నేను చేసింది.

ఈ పని ఎలా ఉంటుందో ఉన్నదున్నట్టు చెప్పాలి. కష్టం. జూలైలో అటక మీద పాకుతూ చేయాలి. జనవరిలో బిల్డింగ్ పైకప్పు మీద, గడ్డకట్టిన వేళ్లతో. మోకాళ్లు, నడుము అరుగుతాయి. ఆపేసిన తర్వాత కూడా కెపాసిటర్లో కరెంటు ఉంటుంది, అజాగ్రత్త పనికిరాదు. అందరి ఏసీలూ ఒకేరోజు ఆగే వారాల్లో పండగ, పుట్టినరోజు ఉండవు. మొదటి ఏడాది జీతం పూర్తి టెక్నీషియన్ జీతంలో సగం దగ్గర ఉంటుంది. కార్మిక శాఖ లెక్క ప్రకారం 2024 మేలో ఈ వృత్తిలో మధ్యస్థ వార్షిక వేతనం 59,810 డాలర్లు. అంటే సగం మందికి అంతకన్నా తక్కువే. మంచి కంపెనీలో చేరిన కంప్యూటర్ సైన్స్ పిల్లలకు అంతకన్నా ఎక్కువే వస్తుంది, కాదనను. అయితే అదే లెక్క ప్రకారం 2034 దాకా ఏటా దాదాపు 40,000 ఖాళీలు ఈ వృత్తిలో ఉంటాయి. అప్పు లేకుండా, మొదటి రోజు నుంచి జీతంతో నేర్చుకునే పని ఇది. 2023లో ఉద్యోగాలు పోయినప్పుడు, కొత్తది దొరక్కపోతే దేశం వదలాల్సిన 60 రోజుల వీసా గడువు లెక్కపెట్టుకున్న ఇళ్లు మనలో ఎన్నో. ఏది భద్రమైన ఉద్యోగమో మనకన్నా ఆ ఇళ్లలో పిల్లలకే బాగా తెలుసు.

పని కూడా మనం అనుకున్నచోట ఆగిపోలేదు. పాత ఏసీల్లో చల్లదనం కోసం వాడే ఆర్-22 గ్యాస్ తయారీ, దిగుమతి 2020తో ఇక్కడ ఆగిపోయాయి. దాని తర్వాత వచ్చిన ఆర్-410ఏ వంతు ఇప్పుడొచ్చింది. 2020 చివర్లో వచ్చిన ఎయిమ్ చట్టం ప్రకారం ఇలాంటి గ్యాసులను 2036కల్లా 85 శాతం తగ్గించాలి. 2025 నుంచి ఇళ్లకు తయారవుతున్న కొత్త ఏసీల్లో ఆర్-32, ఆర్-454బి వస్తున్నాయి. ఇవి కొద్దిగా మండే రకం కాబట్టి లీక్ సెన్సర్లు, కొత్త నియమాలు, కొత్త పనిముట్లు. సూపర్ మార్కెట్ ఫ్రీజర్లలో కార్బన్ డయాక్సైడ్‌నే 1,000 పీఎస్ఐ దాటిన ప్రెషర్‌లో నడుపుతున్నారు. గ్యాస్ ముట్టుకోవాలంటే పర్యావరణ సంస్థ ఈపీఏ వారి సెక్షన్ 608 పరీక్ష పాసవ్వాలి. మనవాడు నాలుగు భాగాలూ పాసై యూనివర్సల్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు, హైస్కూల్లో ఉండగానే. ఆ మాట కూడా ఏ స్లైడ్ మీదా లేదు.

మనం రాసే కోడ్ అంతా నడిచేది డేటా సెంటర్లలో. ఆ సర్వర్లను చల్లబరిచే చిల్లర్లు ఆగితే క్లౌడ్ ఆగుతుంది. చాలా టీకాలు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, అక్కడా ఈ చేతులే. కోడింగ్ ఇష్టమైన పిల్లలకు బిల్డింగ్ కంట్రోల్స్ అనే దారి ఉంది. పెద్ద బిల్డింగుల్లో వాల్వులు, ఫ్యాన్లు, సెన్సర్లు నెట్‌వర్క్ మీద మాట్లాడుకునేలా ప్రోగ్రామ్ చేసే పని. అప్రెంటిస్‌షిప్ అయ్యాక ఇంజనీరింగ్ చదవాలంటే అప్పుడు చదవొచ్చు. చేత్తో చేసి వచ్చినవాడికి ఆ పాఠాలు నాకెక్కినట్టు కాకుండా ఇంకోలా ఎక్కుతాయి.

ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి. హెచ్-4 వీసా మీదున్న పిల్లలకు, అంటే హెచ్-1బి మీద పనిచేసేవాళ్ల పిల్లలకు, ఈ దారి ఇప్పటికి మూసే ఉంది. అప్రెంటిస్‌షిప్ అంటే ఉద్యోగం. హెచ్-4 మీద ఉద్యోగం చేసే అనుమతి భార్యాభర్తల్లో కొందరికి ఉంది కానీ పిల్లలకు లేదు. 21 నిండితే పిల్లలకు ఆ వీసా చెల్లదు కాబట్టి ఆలోపు ఏమవుతుందోనని టెన్షన్‌తో ఉన్న ఆ అమ్మానాన్నలకు నేను సలహా చెప్పలేను. పౌరసత్వం, గ్రీన్ కార్డు ఉన్న పిల్లల గురించే నా మాట. పిల్లల చదువుకని 529 ఖాతాల్లో డబ్బు దాచినవాళ్లు వృథా అవుతుందని భయపడక్కర్లేదు. 2019లో వచ్చిన సెక్యూర్ చట్టం నుంచి, రిజిస్టరైన అప్రెంటిస్‌షిప్‌కి కావలసిన ఫీజులు, పుస్తకాలు, పనిముట్లకు ఆ డబ్బు వాడుకోవచ్చు.

పిల్లలందరూ టెక్నీషియన్లు కావాలని నేననడం లేదు. ఇష్టమైనవాళ్లను వెళ్లనివ్వమంటున్నాను. అంతకన్నా ముందు, ఇష్టమో కాదో తెలుసుకునే అవకాశం ఇవ్వమంటున్నాను. పదో తరగతిలో ఉన్న పిల్లల్లో ఎందరు ఫర్నేస్ తలుపు తీసి చూశారు? మన యూత్ కమిటీ ఏటా డాక్టర్లను, సాఫ్ట్‌వేర్ వాళ్లను పిలిచి కెరీర్ సభ పెడుతుంది. ఈసారి ఒక టెక్నీషియన్‌ను, వీలైతే ఆ మాస్టారినే పిలవండి. గురువారం సాయంత్రాలు ఆ ల్యాబ్ తెరిచే ఉంటుంది. పది మంది పిల్లలొస్తే నా వ్యాన్‌లో రెండు ట్రిప్పులు వేస్తాను. ఆడపిల్లల అమ్మానాన్నలకూ ఇదే మాట. ఆ రోజు బ్రేజింగ్ బల్ల దగ్గర అందరికన్నా శుభ్రంగా అతికించింది ఒక అమ్మాయి.

అభినందన సభ ఫారంలో ‘చేరబోయే యూనివర్సిటీ’ అని ఒక గడి ఉంది. ఆ ఫారం చేసిందీ నేనే. దాన్ని ‘తర్వాత ఏం చేయబోతున్నారు’ అని మార్చి కార్యదర్శి గారికి పంపాను. 26వ స్లైడ్ కూడా సరిచేశాను. ఫోటో అదే. పేరు కింద ‘హీటింగ్, కూలింగ్, రిఫ్రిజిరేషన్ అప్రెంటిస్, మొదటి సంవత్సరం. ఈపీఏ 608 యూనివర్సల్’ అని ఉంది. దీపావళి సభలో దాన్ని ఒక్క నిమిషం చూపించి, ఆ అబ్బాయిని మళ్లీ వేదిక మీదకు పిలవమని కమిటీని అడుగుతున్నాను. అబ్బాయి సరేనన్నాడు. వాళ్ల అమ్మ వస్తానంది. నాన్న ఇంకా ఏమీ చెప్పలేదు. ఈ ఆదివారం వాళ్లింటికి వెళ్తున్నాను.