సినిమాల కోసమైతే ఇంత వేగం అక్కరలేదు

ఇంటికి గిగాబిట్ ఇంటర్నెట్ (సెకనుకు వెయ్యి మెగాబిట్ల వేగం) ఎందుకన్న విషయంపై ఒక వ్యాసం చదివాను. ఆ కనెక్షన్ ఉంటే సినిమాలు ఆగకుండా చూడవచ్చన్నదే అందులో ప్రధాన వాదన. నిజానికి బాగా స్పష్టంగా కనిపించే 4కె సినిమాకు కూడా సెకనుకు 25 మెగాబిట్లు ఉంటే చాలు, దానికోసం గిగాబిట్ దండగ. అసలు లాభం వ్యాసకర్త ఒక్క వాక్యంతో సరిపెట్టిన అప్‌లోడ్‌లో, అంటే మన దగ్గర్నుంచి ఇంటర్నెట్‌లోకి పంపే వేగంలో ఉంది. 50 గిగాబైట్ల వీడియోలను క్లౌడ్‌లోకి ఎక్కించడానికి సెకనుకు 20 మెగాబిట్ల అప్‌లోడ్‌తో సుమారు అయిదున్నర గంటలు పడుతుంది. రెండు వైపులా గిగాబిట్ ఇచ్చే ఫైబర్‌లో, అంతా సవ్యంగా ఉంటే, 7 నిమిషాలు. పైగా ఆ అయిదున్నర గంటలూ పక్క గదిలో వీడియో కాల్ మాట్లాడేవారి గొంతు ముక్కలు ముక్కలవుతుంది, ముఖం నోరు తెరిచినచోటే బిగుసుకుపోతుంది. అప్‌లోడ్ దారి నిండితే కాల్ తాలూకు చిన్న ప్యాకెట్లయినా (డేటా ముక్కలు) వరుసలో నిలబడాల్సిందే కదా! నలుగురు నాలుగు పనులు చేసుకునే ఇంట్లో ఈ గొడవ తీరడమే నా దృష్టిలో పెద్ద సౌకర్యం.

ఇంకో మాట. పాత రౌటర్ పోర్టు (కేబుల్ గుచ్చే చోటు) సెకనుకు 100 మెగాబిట్లదైతే ఎంత ఖరీదైన ప్లాన్ తీసుకున్నా అంతకు మించి రాదు. డబ్బు కట్టేముందు అది చూసుకోండి. అప్‌లోడ్ వేగం ఎంతో కంపెనీని విడిగా అడగండి. ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో కనిపించేది చాలావరకు డౌన్‌లోడ్ అంకే.