చెవిలో గోమార్లు లేకపోతే ఆ పిట్ట అక్కడెందుకున్నట్టు?

మార్చి చివర్లో దక్షిణాఫ్రికాలోని క్రూగర్ పార్కులో తీసిన ఒక ఫోటో నిన్న రాత్రి మా ఫోటోగ్రఫీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మగ ఇంపాలా (ఇక్కడి జింకలాంటి జంతువు), దాని చెవి పక్కన ఎర్ర ముక్కు ఆక్స్‌పెకర్ పిట్ట. ఒకాయన వెంటనే సలహా ఇచ్చాడు. పేరు చెప్పను, మంచి మనిషే. "బ్రదర్, ఫ్రేమ్ సూపర్. చెవి అంచున ఆ మచ్చలే కాస్త కంపరంగా ఉన్నాయి. హీలింగ్ బ్రష్‌తో లేపేస్తే పోటీకి పంపొచ్చు." దాని కింద ఏడు బొటనవేళ్ళు.

ఆ మచ్చలు గోమార్లు సార్, పశువుల ఒంటికి పట్టి రక్తం తాగే పురుగులు. ఆ పిట్ట వచ్చిందే వాటికోసం. పెళ్ళి ఫోటోలోంచి పెళ్ళికూతుర్ని చెరిపేసి, మండపం భలే వచ్చింది అన్నట్టుంది. రాత్రి పన్నెండు దాకా జవాబు టైప్ చేయడం, చెరపడం, మళ్ళీ టైప్ చేయడం. గ్రూపులో గొడవెందుకులే అని ఇక్కడ రాస్తున్నా. పోస్టు పెద్దదే, ఓపికుంటే చదవండి.

నేనుండేది జోహన్నెస్‌బర్గ్, ప్రిటోరియాల మధ్య మిడ్రాండ్‌లో. ఇక్కణ్ణుంచి క్రూగర్ నాలుగొందల కిలోమీటర్ల పైమాటే. తెల్లారకముందే ఇడ్లీ డబ్బా పెట్టుకుని బయల్దేరతాం. ఇండియా నుంచి ఎవరొచ్చినా సింహం చూపించమంటారు. చూపిస్తాం. చెట్టుకింద పడుకున్న సింహం తోక, దాని చుట్టూ ఇరవై కార్లు. రెండో ట్రిప్పుకే నాకు ఆ సరదా తీరిపోయింది. ఇప్పుడు ఎవరూ కారాపని ఇంపాలాల దగ్గర ఆపుతాను. లక్షకు పైగా ఉన్నాయి ఆ పార్కులో. వెనక భాగంలో నల్ల చారలు ఎమ్ అక్షరంలా ఉంటాయని, అవంటే పులులకీ సింహాలకీ మెక్‌డొనాల్డ్స్ అని గైడ్ల జోకు. (పులులు అంటే చిరుతపులులు. ఆఫ్రికాలో పెద్దపులి లేదు. కామెంట్లలో దిద్దేవాళ్ళు ఎలాగూ ఉంటారు కాబట్టి ముందే చెప్తున్నా.) ఇంకో సంగతి, మనం అన్నిటినీ జింక అనేస్తాం గానీ దుప్పి కొమ్ములు ఏటా రాలి కొత్తవి వస్తాయి, ఇంపాలాకీ మన కృష్ణ జింకకీ అవే కొమ్ములు బతికినంత కాలం ఉంటాయి. మా నాన్నకైతే ఇంపాలా అంటే పాత సినిమా హీరోల కారు.

ఆ ఫోటో ఎలా వచ్చిందో చెప్తాను. స్కుకూజా నుంచి లోయర్ సాబీ వెళ్ళే తారురోడ్డు. పొద్దున ఏడున్నర అయ్యుంటుంది. అక్కడ కారు దిగకూడదు, ఏం తీసినా కిటికీలోంచే. నా పాత జీన్స్ కాలు కత్తిరించి, సోనా మసూరి నింపి కుట్టిన సంచి ఒకటుంది. దాన్ని కిటికీ అంచున పెట్టి, దానిమీద లెన్స్ ఆనించి కూర్చుంటా. ఇంజన్ ఆపేశాను. ముందు పిట్ట కనపడలేదు, వినపడింది. బుస్సుమన్నట్టు, మధ్యలో చిటచిటలాడినట్టు ఓ శబ్దం. చూస్తే మగ ఇంపాలా మెడమీద పాకుతోంది. పాకడం అనే మాట ఊరికే వాడలేదు. బిరుసు తోకని ఆనించుకుని, గోళ్ళతో పట్టుకుని, వడ్రంగిపిట్ట చెట్టెక్కినట్టు ఎక్కుతుంది. ముక్కు పక్కలకి నొక్కినట్టు పలచగా ఉంటుంది. దాన్ని వెంట్రుకల్లోకి పెట్టి కత్తెర ఆడించినట్టు ఆడిస్తూ పోతుంది, దువ్వుతున్నట్టే. కంటి చుట్టూ పసుపు ఉంగరం. మన గోరువంక కన్నా కాస్త చిన్నది.

చెవి దగ్గరికి వచ్చి ఆగింది. అక్కడ వరసగా అయిదారు గోమార్లు, రక్తం తాగి ఉబ్బి, బూడిదరంగులో, అచ్చం ఆముదం గింజల్లా. (ఆముదం మొక్క శాస్త్రీయనామం రిసినస్. లాటిన్‌లో ఆ మాటకి గోమారనే అర్థం. పేరు పెట్టినాయన ఎవరో గానీ మా ఊళ్ళో గేదెల్ని చూసుండాలి.) పిట్ట ఒకటి పీకింది. ఇంపాలా చెవి వాల్చి, కన్ను సగం మూసింది. రెండోది పీకింది. తర్వాత తలకాయ మొత్తం చెవిలోకి దూర్చేసింది. బయట తోక, రెక్కలు మాత్రమే. ఇంపాలా తల విదిలించింది. పిట్ట లేచి మళ్ళీ అక్కడే వాలింది. మళ్ళీ విదిలింపు, మళ్ళీ వాలడం. మూడోసారి ఇంపాలా ఒక్క దూకు దూకి పొదల్లోకి పోయింది, పిట్ట మెడమీదే ఊగుతూ పోయింది.

నాలుగు నిమిషాల్లో నూట ఎనభై ఫ్రేములు. పనికొచ్చినవి తొమ్మిది. ఈ కొత్త కెమెరాల్లో జంతువు కన్ను వెతికి పట్టే ఫోకస్ ఉంటుందే, అది ఇక్కడ పగవాడు. ఇంపాలా కన్ను పెద్దది, నల్లగా మెరుస్తుంది, కెమెరా ఎప్పుడూ దాన్నే పట్టుకుంటుంది. చెవి దగ్గరి పిట్ట మసక. ఆ మోడ్ ఆపేసి సింగిల్ పాయింట్ పెట్టి పిట్ట తలమీద ఉంచాలి. అపెర్చర్, అంటే లెన్స్ రంధ్రం, ఎఫ్/8 దాకా మూస్తేనే పిట్టా, గోమార్లూ రెండూ ఫోకస్‌లో నిలబడతాయి. షట్టర్ వేగం సెకనులో 1250వ వంతు కన్నా తగ్గిస్తే ఆ విదిలింపులో అన్నీ గీతలే. తొమ్మిది దాటాక ఎండకి నేల మీద గాలి వణుకుతుంది, అప్పుడు ఎంత ఖరీదు లెన్సయినా ఒకటే. ఇంత పాట్లు పడి గోమార్లని ఫోకస్‌లోకి తెచ్చింది చెరపడానికా?

నిజానికి ఆ గోమార్లకో కథ ఉంది. ఇంపాలాలు ఒకదాని మెడ ఒకటి దువ్వుకుంటాయి. కింది పళ్ళే దువ్వెన. నాలుగు సార్లు ఇది, నాలుగు సార్లు అది, వంతులవారీగా, అప్పు ఉంచుకోకుండా. తలా, మెడా తనకు తాను అందుకోలేదు కదా. కానీ జత కట్టే కాలం దగ్గర పడితే మగవాటికి ఆ తీరిక ఉండదు. హద్దులు కాసుకోవాలి, పక్కవాణ్ణి తరమాలి, ఆడవాటి వెంట తిరగాలి. దువ్వుకోవడం తగ్గుతుంది, గోమార్లు పెరుగుతాయి. ఏప్రిల్, మే నెలలు ఆ గొడవకి ముదురు కాలం. నేను తీసింది దానికి కాస్త ముందు. ఆ చెవి అంచునున్న వరస మచ్చలు చూసే "ఈ మగవాడు అప్పుడే పనిలో పడ్డాడు" అని తెలిసేది. బ్రష్‌తో ఒక్క రుద్దు రుద్దితే అదంతా హుష్.

సరే, ఇక ఇలాంటి పిట్ట ఫోటోల కింద జనం పెట్టే క్యాప్షన్ల బాధ. "నిస్వార్థ స్నేహం." "ప్రకృతి నేర్పే పాఠం." పిట్ట నెత్తిన ఠీవిగా నిలబడి ఉంటుంది, జింక చెవులు నున్నగా, వెనక బంగారు రంగు ఎండ. అలాంటి ఫోటో అందమైనదే, కాదనను. కానీ ఆ పిట్ట శాస్త్రీయనామం బూఫాగస్, అంటే ఎద్దును తినేది. పేరు పెట్టినవాళ్ళు మొహమాటపడలేదు. గోమార్లతో పాటు చెవిలో గులిమి తింటుంది, చచ్చిన చర్మం తింటుంది, పుండు కనపడితే దాన్ని పొడిచి రక్తం తాగుతుంది, మానబోయే పుండుని మాననివ్వదు. మనవాళ్ళు ఎప్పుడో అన్నారుగా, ఎద్దుపుండు కాకికి ముద్దు అని.

జింబాబ్వేలో ఎద్దుల మీద చేసిన పరిశోధన ఒకటి 2000లో వచ్చింది. ఒక మందమీద ఈ పిట్టల్ని వాలనిచ్చారు, ఇంకోదాని మీద నెల రోజులు వాలనివ్వలేదు. గోమార్ల లెక్కలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పిట్టలు వాలని ఎద్దుల పుండ్లు మాత్రం తొందరగా మానాయి. అలాగని పిట్టని దొంగని చేయలేం. ఏ జంతువుల మీద ఇవి ఎక్కువ వాలతాయో పోల్చి చూసి, తోలు ఎంత పలచనో, అంటే రక్తం ఎంత తేలిగ్గా దొరుకుతుందో దాన్ని బట్టి కాదు, గోమార్లు ఎక్కువుండటాన్ని బట్టే అని 2011లో ఇంకొకళ్ళు తేల్చారు. దక్షిణాఫ్రికాలోనే హ్లుహ్లూవే ఇంఫొలోజి పార్కులో నల్ల ఖడ్గమృగాల దగ్గరికి మనుషులు నడుచుకుంటూ వెళ్ళి చూశారు. వీపు మీద పిట్ట లేకపోతే అవి పసిగట్టింది నూటికి 23 సార్లు. పిట్ట ఉంటే ప్రతిసారీ. స్వాహిలీలో ఈ పిట్టని "అస్కారి వా కిఫారు" అంటారు, ఖడ్గమృగం కాపలావాడు అని. కాపలా కాసేదీ అదే, పుండు గెలికేదీ అదే. పాత ఇళ్ళలో ఇలాంటి బంధువు ఒకరు తప్పకుండా ఉంటారు. వాళ్ళ గురించి "నిస్వార్థ స్నేహం" అని రాస్తామా?

ఆ గోమార్లు, పిట్టలు ఎంత ముడిపడ్డాయంటే, పసుపు ముక్కు ఆక్స్‌పెకర్ అనే రెండో రకం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ దేశంలోనే లేకుండా పోయింది. 1896లో వచ్చిన పశువుల మహమ్మారికి గేదెలు, ఎడ్లు గుట్టలుగా చచ్చాయి. మిగిలిన పశువుల్ని గోమార్లు పోవాలని ఆర్సెనిక్ నీళ్ళలో ముంచారు. విషం తగిలిన గోమార్లు తిని పిట్టలూ పోయాయి. 1979లో వాటంతట అవే ఎగిరొచ్చి క్రూగర్‌లో మళ్ళీ కనపడ్డాయి. గోమారుని చెరిపితే పిట్ట కూడా చెరిగిపోతుందని ఇక్కడివాళ్ళు ఫోటోషాప్ పుట్టకముందే చూసేశారు.

పోటీ సంగతికొస్తే, నేచర్ విభాగం నియమాలు చదివినవాళ్ళు మన గ్రూపులో ఎందరో నాకు అనుమానమే. అమెరికా ఫోటోగ్రాఫిక్ సొసైటీ, ఫియాప్ (అంతర్జాతీయ ఫోటోగ్రఫీ సమాఖ్య), బ్రిటన్ రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ కలిసి పెట్టుకున్న నిర్వచనం ఉంది. ఫ్రేములో ఉన్నదాన్ని తీసేయకూడదు, లేనిదాన్ని పెట్టకూడదు, అందం కన్నా కథకే ఎక్కువ తూకం. అయినా పోయినేడు ఇక్కడో చిన్న పోటీలో నా ఫోటోకి "దృష్టి మళ్ళించే మచ్చలు" అని మార్కులు కోశారు. ఏ క్లబ్బో అడక్కండి, మళ్ళీ అక్కడే టీ తాగాలి.

ఇంత మాట్లాడుతున్నా గానీ నేనేం శుద్ధపూసని కాదు. ఇక్కడికొచ్చిన కొత్తలో ఇలాంటిదే ఒక ఫోటో తీశాను. గోమార్లన్నీ శుభ్రంగా చెరిపేశాను, రెండు గంటలు కూర్చుని, ఒక్కొక్కటే. మూడడుగుల కాన్వాస్ మీద ప్రింటు వేయించి హాల్లో తగిలించాను. వచ్చినవాళ్ళంతా బాగుందన్నారు. మూడేళ్ళకి మా నాన్న మధిర దగ్గరి మా ఊరి నుంచి వచ్చాడు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని దానిముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఏంరా, ఈ పిట్ట గోమార్లు తింటదంటివిగా?"

"అవును నాన్నా."

"మరి దీనికి ఒక్క గోమారూ లేదు. చెవులు చూడు, కడిగినట్టున్నయ్. ఏం తినడానికి కూసుందది?"

నలభై ఏళ్ళు గేదెల చెవుల్లోంచి, పొదుగు సందుల్లోంచి గోమార్లు ఏరి కిరసనాయిల్ డబ్బాలో వేసిన మనిషి. ఆయనకి అబద్ధం చెప్పలేకపోయాను. కంప్యూటర్లో తీసేశానన్నాను. ఆయన నవ్వాడు. "అట్టాంటిది మనింట్లో ఉంటే మీయమ్మకి ఎంత పని తప్పేది" అన్నాడు.

మార్చి ఫోటో ఆయనకి పంపాను. వీడియో కాల్‌లో ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఈ చివరిది చూడు, అది గోమారు గాదురా, పుండు. పిట్ట గెలికి పెద్దజేసింది" అన్నాడు. పెద్దది చేసి చూశాను. నిజమే. నేను తీసిన ఫోటోలో నేను చూడనిది ఆయన అంత దూరం నుంచి పట్టేశాడు. బ్రష్ పెట్టుంటే అది కూడా గోమార్లతో పాటు పోయేది.

దాన్నీ ప్రింటు వేయించాను. అన్నం తినే చోట పుండ్లూ గోమార్లూ ఏంటని మా ఆవిడ హాల్లో పెట్టనివ్వలేదు. పాత కాన్వాస్ అక్కడే ఉంది, నున్నటి చెవులతో. కొత్తది వాషింగ్ మెషీన్ పైన తగిలించాను.