766 పేజీల చిరాకు

మంత్రాల బడిలో చదివే కుర్రాడు హ్యారీ పాటర్ కథ చెప్పే ఏడు పుస్తకాల్లో ఏది గొప్పదని మా స్నేహితుల్ని అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. ఏది మధ్యలో ఆపేశారని అడిగితే మాత్రం దాదాపు అందరిదీ ఒకటే జవాబు. ఐదోది, 'ఆర్డర్ ఆఫ్ ది ఫీనిక్స్'. తమాషా ఏమిటంటే, సిరీస్ మొత్తంలో తమకి బాగా ఇష్టమైంది అదేనని ఒట్టేసి చెప్పేవాళ్లు కూడా అదే గుంపులో ఉంటారు.

ముందు సైజు సంగతి. 1997లో వచ్చిన మొదటి పుస్తకం బ్రిటన్ ఎడిషన్‌లో 223 పేజీలు. 2003 జూన్ 21న వచ్చిన ఐదోది 766. అమెరికా ఎడిషన్ అయితే 870. ఏడింటిలో ఇంత లావుది ఇంకోటి లేదు. నాలుగో పుస్తకానికీ దీనికీ మధ్య దాదాపు మూడేళ్లు గడిచాయి. ఆ ఎదురుచూపు ఏ స్థాయిలో ఉందంటే, 2002 డిసెంబరులో రచయిత్రి రౌలింగ్ ఒక కార్డు మీద రాసిచ్చిన 93 పదాలు లండన్ సదబీస్ వేలంలో 28,680 పౌండ్లు పలికాయి. అవి వాక్యాలు కూడా కావు, విడివిడి మాటలు. ముప్పై ఎనిమిది అధ్యాయాలు, అన్నిటికన్నా పొడవైనది, చీపురు, కొత్త టీచరు, చనిపోవడం, సారీ... ఇలాంటివి. ఈసారి ఎవరో పోతారని పుస్తకం రాకముందే పాఠకులకి తెలిసిపోయింది. ఎవరన్నది మాత్రం తెలియదు. ఆ టెన్షన్‌తో వందల పేజీలు తిప్పాలి.

తిప్పారు కూడా. బ్రిటన్‌లో మొదటి రోజే 17 లక్షల కాపీలకు పైగా, అమెరికాలో 50 లక్షలు అమ్ముడుపోయాయి. ఆ అక్టోబరులో ఒక అమెరికన్ పిల్లల డాక్టరు 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'కి ఒక ఉత్తరం రాశాడు. ఎనిమిది నుంచి పదేళ్ల పిల్లలు ముగ్గురు తలనొప్పితో తన దగ్గరికి వచ్చారట. తీరా చూస్తే గంటల తరబడి ఈ పుస్తకం పట్టుకుని కూర్చోవడమే కారణం. మధ్యమధ్యలో ఆపి చదవమంటే ఇద్దరు ఒప్పుకోలేదు. మాత్ర వేసుకుని చదివారు. పుస్తకం అయిపోయిన ఒకటి రెండు రోజులకి నొప్పీ పోయింది. వైద్య పత్రికలో అచ్చయిన పుస్తక సమీక్ష అంటే నాకు ఇదే గుర్తొస్తుంది.

నా కాపీ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నది. పైరసీ సరుకు. అంత లావు పుస్తకాన్ని ఆ చవక జిగురు ఎన్నాళ్లు మోస్తుంది? వారం తిరక్కుండా నడుము విరిగి రెండు ముక్కలైంది. హాస్టల్లో నా రూమ్మేట్‌కి అది వరమైంది. నేను రెండో ముక్కలోకి వెళ్లగానే వాడు మొదటి ముక్క పట్టుకున్నాడు. రెండు రోజులకే తెచ్చి మంచం మీద పడేశాడు. "ఏంట్రా వీడు, పొద్దస్తమానం అరుస్తానే ఉంటాడు" అన్నాడు.

ఐదో పుస్తకం మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఇదే. మొదటి నాలుగు భాగాల్లో మనకి నచ్చిన కుర్రాడు ఇందులో మొహం మాడ్చుకుని తిరుగుతాడు. స్నేహితుల మీద ఎగిరిపడతాడు. ఇంగ్లిష్‌లో అయితే ఆ అరుపులన్నీ పెద్దబడి అక్షరాల్లో అచ్చేశారు, పేరాలకి పేరాలు. (మన లిపిలో పెద్దబడి లేదు. ఆ అరుపుల్ని తెలుగులో చూపించాలంటే అక్షరాలు లావు చేయాలో, ఆశ్చర్యార్థకాలు గుప్పించాలో!) హ్యారీకి తండ్రిలాంటి సిరియస్ చావు మరీ హఠాత్తుగా, ఒక తెర వెనక్కి పడిపోవడంతో తేలిపోయిందని ఇంకో ఫిర్యాదు. చివర్లో హెడ్మాస్టరు డంబుల్డోర్ కూర్చుని అధ్యాయం పొడవునా వివరణ ఇవ్వడం మూడోది. పెద్దవాళ్లలో విమర్శకులూ చీలిపోయారు. నవలా రచయిత్రి ఎ.ఎస్. బయట్ న్యూయార్క్ టైమ్స్‌లో ఈ సిరీస్‌ని చదివే పెద్దలనే దులిపేసింది. భయానక నవలల రచయిత స్టీఫెన్ కింగ్ క్రియావిశేషణాలు ఎక్కువయ్యాయని విసుక్కుంటూనే కొత్త టీచరు డోలోరెస్ అంబ్రిడ్జ్ పాత్రని ఆకాశానికెత్తాడు.

నా మటుకు నాకు ఇవి వేరువేరు ఫిర్యాదుల్లా కనిపించవు. పొడవు, చీకటి, ఆ అరుపులు, మూడూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. ఒకదాన్ని తగ్గిస్తే మిగతా రెండూ చప్పబడతాయి.

అరుపుల దగ్గరే మొదలుపెడదాం. మొదటి అధ్యాయంలో హ్యారీ ఎక్కడుంటాడో గుర్తుందా? పెద్దమ్మ ఇంటి బయట, కిటికీ కింద పూలమొక్కల మధ్య వెల్లకిలా పడుకుని ఉంటాడు, లోపల టీవీలో వచ్చే వార్తలు వినడానికి. నెల కిందట వాడి కళ్ల ముందే ఒక కుర్రాణ్ని చంపేశారు. చంపించిన దుష్ట మాంత్రికుడు వోల్డెమార్ట్ తిరిగొచ్చాడని హ్యారీ ఒక్కడే చూశాడు. ఇప్పుడు బయట ఏం జరుగుతోందో ఒక్కరూ చెప్పరు. స్నేహితుల ఉత్తరాల్లో కూడా ఏమీ ఉండదు, చెప్పొద్దని డంబుల్డోర్ మాట తీసుకున్నాడు కాబట్టి. పైగా పత్రికేమో వాణ్ని అబద్ధాలకోరు, పిచ్చివాడు అని రోజూ ఎగతాళి చేస్తుంటుంది. పదిహేనేళ్లవాడు అరవక ఏం చేస్తాడు? "నీకెందుకు, పెద్దవాళ్లం ఉన్నాం కదా" అనే మాట మన ఇళ్లలో అప్పు గురించో, ఆస్పత్రి గురించో, విడాకుల గురించో మాట్లాడుకునేటప్పుడు వినని పిల్లలుండరు. తలుపు వేసుకుని గుసగుసలాడుకుంటే తలుపవతల ఉన్నవాడికి ఎలా ఉంటుందో ఈ పుస్తకం రాసినంత ఓపిగ్గా చాలా పెద్దల నవలలు కూడా రాయలేదు.

ఇక అంబ్రిడ్జ్. తెలుగు బళ్లలో చదివినవాళ్లకి ఈవిణ్ని పరిచయం చేయక్కర్లేదు. గులాబీ రంగు కార్డిగన్, గోడ నిండా పిల్లికూనల బొమ్మలున్న ప్లేట్లు, మాట్లాడే ముందు సన్నగా ఒక దగ్గు. శిక్ష అంటే ఆవిడకి మన ఇంపోజిషనే. ఒకే వాక్యం, తాను అబద్ధాలు చెప్పకూడదని, రాస్తూ పోవాలి. ఎన్నిసార్లు అని హ్యారీ అడిగితే అది లోపలికి ఇంకేదాకా అంటుంది. కలం ఇస్తుంది గానీ సిరా ఇవ్వదు. కాగితం మీద ఎర్రగా పడే ప్రతి అక్షరం అదే సమయానికి వాడి చేతి వెనక చర్మం మీద కోసుకుంటుంది. ఆ ఎరుపు వాడి నెత్తురే. మొదట్లో వెంటనే మానిపోతుంది. రాత్రి తర్వాత రాత్రి రాయించేసరికి మానడం ఆగిపోతుంది. పుస్తకంలో మంత్రాలతో చంపే సీన్లున్నాయి, రాక్షసుల్లాంటి ప్రాణులున్నాయి. అయినా పాఠకులు ఏళ్ల తర్వాత కూడా పళ్లు కొరికేది ఈ దగ్గే తలుచుకుని. వోల్డెమార్ట్‌లాంటివాడు మన వీధిలో ఎదురుపడడు. స్టాఫ్‌రూమ్‌లో నవ్వుతూ కూర్చునే అంబ్రిడ్జ్‌లాంటి మనిషి అందరికీ ఒక్కసారైనా తగులుతుంది.

ఆవిడ బడిని మింగే తీరు చూడండి. ఒక్క దెబ్బతో మింగదు. ఒక్కో ఆర్డరు గోడకెక్కుతుంది. ఇరవై మూడో నంబరు ఆర్డరుతో టీచర్లని తనిఖీ చేసే అధికారం. ఇరవై నాలుగుతో ముగ్గురు, అంతకంటే ఎక్కువ మంది పిల్లలు కలిసి నడిపే ఏ గుంపైనా ఆవిడ అనుమతి లేకపోతే రద్దు. ఇరవై ఆరు ప్రకారం టీచర్లు తమ సబ్జెక్టుకి సంబంధం లేనిదేదీ పిల్లలతో మాట్లాడకూడదు. దీని మీద లీ జోర్డాన్ అనే కుర్రాడు వేసిన జోకు నాకు చాలా ఇష్టం. క్లాసు వెనక కూర్చుని పేకలాడుతున్నవాళ్లని అంబ్రిడ్జ్ తిడితే, పేకాట మీ సబ్జెక్టు కాదు కాబట్టి మీ రూలు ప్రకారమే మీరు దాని గురించి మాట్లాడకూడదు అంటాడు. ఆ తర్వాత వాడి చెయ్యి నెత్తురోడుతూ కనిపిస్తుంది. నవ్విన నోరు అక్కడే మూతపడుతుంది.

ఇదంతా జరగడానికి నెలలు పట్టాలి, చదవడానికీ రోజులు పట్టాలి. దీనికి నా దగ్గరున్న సాక్ష్యం సినిమా. అన్నిటికన్నా లావు పుస్తకం నుంచి 2007లో డేవిడ్ యేట్స్ తీసింది 138 నిమిషాల సినిమా, ఎనిమిదింటిలో చివరిదాన్ని మినహాయిస్తే ఇదే చిన్నది. చక్కటి సినిమా, అంబ్రిడ్జ్‌గా ఇమెల్డా స్టాంటన్ నటనకి వంక పెట్టలేం. కానీ ఆ ఆర్డర్లన్నీ అందులో చకచకా నడిచే కట్ షాట్లయిపోయాయి. గోడకి నిచ్చెన వేసి బడి కేర్ టేకరు ఫిల్చ్ ఒక్కో ఫ్రేము దిగ్గొడుతుంటాడు, మనం నవ్వుకుంటాం. పుస్తకంలో అయితే ఊపిరాడదు. ఎప్పుడు పోతుందిరా ఈవిడ అని మనం విసుక్కునే ఆ విసుగే హాగ్వార్ట్స్ అనే ఆ బడి పిల్లలదీ. విసుగెత్తకుండా ఈ కథ చెబితే కవల అన్నదమ్ములు బడి మధ్యలో చిత్తడి బురద సృష్టించి, చీపుర్లెక్కి ఎగిరిపోయినప్పుడు అంత ఊపిరి ఎక్కణ్నుంచి వస్తుంది?

అలాగని ప్రతి పేజీనీ వెనకేసుకురాను. బడిలో పనిచేసే హాగ్రిడ్ అడవిలో దాచిన తమ్ముడు గ్రాప్ కథ నాకు ఇప్పటికీ బరువే. హ్యారీకీ, చో అనే తోటి విద్యార్థినికీ మధ్య ప్రేమ వ్యవహారం ఒకటికి రెండుసార్లు ఒకే చోట తిరుగుతుంది. పుస్తకం ఇంకాస్త చిన్నగా ఉండొచ్చని, చివరికొచ్చేసరికి తనకి టైమూ ఓపికా రెండూ అయిపోయాయని రౌలింగే తర్వాత ఒప్పుకుంది. పాఠకులు ఈ మాట పట్టుకుని చూశారా అంటారు. ఎడిటరు కత్తెర అవసరమే. ఎక్కడ పడుతుందన్నదే చూసుకోవాలి.

ఉదాహరణకి ఇల్లు శుభ్రం చేసే అధ్యాయం తీసుకోండి. సిరియస్ వాళ్ల పాత కొంపలో పిల్లలంతా కర్టెన్లు దులిపి, అల్మారాల్లో చెత్త పారేస్తూ రోజులకి రోజులు గడుపుతారు. కథ కదలదు. కత్తెర ఎవరి చేతిలో ఉన్నా ముందు ఇక్కడే పడుతుంది. ఆ చెత్తలో ఎవరూ మూత తెరవలేకపోయిన బరువైన లాకెట్ ఒకటి ఉంటుంది. ఒక్క మాటలో వచ్చి పోతుంది. 2003లో దాన్ని పట్టించుకున్నవాళ్లెవరు? నాలుగేళ్ల తర్వాత చివరి పుస్తకంలో ఆ లాకెట్టే కీలకమని తెలిసిన జనం పరిగెత్తుకెళ్లి పాత కాపీ దుమ్ము దులిపి ఆ పేజీ వెతికారు, నాతో సహా. అదృష్టం, అది మొదటి ముక్కలోనే ఉంది. ఇంటి పనిమనిషిలాంటి క్రీచర్‌ని కూడా సినిమావాళ్లు తీసేద్దామనుకుంటే, ఉంచమని రౌలింగే చెప్పాల్సి వచ్చింది.

పిల్లల పుస్తకంలో ఇంత చీకటి ఎందుకని అడిగేవాళ్లకి నేను చూపించేది చావు సీను కాదు, ఆస్పత్రి సీను. క్రిస్మస్ రోజుల్లో హ్యారీ బృందానికి అనుకోకుండా తోటి విద్యార్థి నెవిల్ కనిపిస్తాడు, వాళ్ల నాయనమ్మతో. అతని అమ్మానాన్నలు బతికే ఉన్నారు, హింసకి మతి పోయి, ఆ వార్డులోనే ఏళ్లుగా. తల్లి మెల్లగా నడిచొచ్చి కొడుకు చేతిలో ఏదో పెడుతుంది. బబుల్‌గమ్ కాగితం. ఇలాంటివి ఇప్పటికే గది నిండా అతికించుకోగలిగినన్ని ఇచ్చింది, పారెయ్యమని నాయనమ్మ అంటుంది. నెవిల్ సరేనంటాడు గానీ, దాన్ని జేబులో వేసుకోవడం హ్యారీ కంటపడుతుంది. మూడు నాలుగు పేరాలు, అంతే. పదేళ్ల పిల్లలకి ఇది భరించలేనిది అవుతుందా అంటే, నేను చూసినంతలో పిల్లలు మౌనంగా పేజీ తిప్పుతారు. పుస్తకం మూసి కాసేపు గోడకేసి చూసేది పెద్దవాళ్లే.

మా మేనకోడలు ఈ మధ్యే ఐదోది మొదలుపెట్టింది. పదమూడేళ్లు. రెండు వారాలు పట్టింది. మధ్యలో రోజుకో ఫిర్యాదు. హ్యారీ చిరాకు పుట్టిస్తున్నాడని, డంబుల్డోర్ వాడి మొహం కూడా చూడడేమిటని, గ్రాప్ పేజీలు వదిలేశానని. నిన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది. నేను సిరియస్ గురించి మాట్లాడతానేమో అనుకుంది కాబోలు, గబగబా తనే అందుకుంది.

"మామయ్యా, అద్దం ఉంది కదా. క్రిస్మస్ సెలవులప్పుడు సిరియస్ ఇచ్చాడు కదా, ఎప్పుడైనా మాట్లాడాలంటే వాడమని. హ్యారీ ఆ పొట్లం విప్పనేలేదు. విప్పుంటే అసలు సిరియస్ ప్రమాదంలో ఉన్నాడనుకుని అక్కడికి వెళ్లాల్సిన పనే లేదు. ఇది రాసినావిడ తప్పు కదా?"

ఎన్నో ఏళ్ల కిందట నేనూ హాస్టల్లో ఇదే మాట మీద కొట్లాడాను. సిరియస్‌ని బయటికి లాగి ప్రమాదంలో పెట్టేది తను కాకూడదని హ్యారీ ఆ పొట్లాన్ని పక్కన పెట్టేస్తాడు. తర్వాత పరీక్షలు, అంబ్రిడ్జ్, స్నేప్ మాస్టారి పాఠాలు, పీడకలలు. పద్నాలుగు అధ్యాయాలు దాటాక, అంతా అయిపోయాక, పెట్టె అడుగున మళ్లీ దొరుకుతుంది.

"నీకు గుర్తొచ్చిందా మరి, మధ్యలో?" అన్నాను.

కాసేపు ఏమీ వినపడలేదు.

"లేదు" అంది.