సవరణ: స్టాండులో బండి పెట్టినంత మాత్రాన రైలు ఛార్జీ తగ్గదు

నెల్లూరు స్టేషన్ దగ్గర బండి పెట్టి రోజూ కావలి వెళ్లివచ్చేవారికి స్టాండు చీటీ చూపిస్తే సీజన్ టికెట్‌పై రాయితీ వస్తుందని నిన్న రాశాను. అది తప్పు. సీజన్ టికెట్ ఎప్పుడూ చౌకే, కానీ ఆ తగ్గింపు రోజూ ప్రయాణించేవారందరిదీ. బండితో దానికి సంబంధం లేదు. స్టాండు డబ్బు వేరుగా కట్టాల్సిందే. నా మాట నమ్మి ఎవరైనా చీటీ పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడి ఉంటే, వారికి నా క్షమాపణలు.

మూడు నెలల సీజన్ టికెట్ ధర నెల టికెట్‌కు మూడింతలని రాసిందీ పొరపాటే. అది 2.7 రెట్లు. నెలకు 100 రూపాయలైతే మూడు నెలలకు 270. చెన్నై వెళ్లేవారు కూడా గమనించాలి: సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల వరకే ఇస్తారు, నెల్లూరు నుంచి చెన్నై అంతకు మించిన దూరం.

రాయితీ ఉండాలన్న నా కోరిక మాత్రం మారలేదు. పొదలకూరు నుంచి తెల్లవారుజామున బండి మీద వచ్చే మనిషి హెల్మెట్ చేతికి తగిలించుకుని, ముందు స్టాండులో, తర్వాత రైలుకు, రెండు చోట్లా చెల్లిస్తున్నాడు. ఆ రెండూ కలిపి లెక్కేసుకుంటే, బండి మీదే కావలి దాకా పోదామనిపించడం సహజం. ఒకే టికెట్‌లో రెండూ కలిపి కొంత తగ్గిస్తే హైవే మీద ఆ బండి ఉండదు.