కలెక్టర్ ఉద్యోగానికి కాళ్లూ కళ్లేనా అర్హత?

2024 జూలైలో, దొంగ వైకల్య సర్టిఫికెట్ ఆరోపణలు ఎదుర్కొన్న ట్రైనీ ఐఏఎస్ పూజా ఖేడ్కర్ వ్యవహారం నడుస్తుండగా తెలంగాణ కేడర్‌కు చెందిన ఒక సీనియర్ ఐఏఎస్ అధికారి ఎక్స్‌లో ఒక పోస్టు పెట్టారు. దాని సారం ఇది: వైకల్యం ఉన్నవారిని విమాన సంస్థలు పైలట్లుగా పెట్టుకుంటాయా? వైకల్యం ఉన్న సర్జన్‌ను మీరు నమ్ముతారా? ఐఏఎస్, ఐపీఎస్, అటవీ సర్వీసులంటే ఫీల్డులో తిరగాలి, గంటల తరబడి పనిచేయాలి, జనం గోడు స్వయంగా వినాలి. దానికి శారీరక దృఢత్వం కావాలి. మరి ఇక్కడ ఈ కోటా ఎందుకు?

ఆ పోస్టు వాట్సాప్ గ్రూపులకు ఎక్కాక ఇంకో రెండు మాటలు తోడయ్యాయి. కోటాలో వచ్చేవాళ్లకు మెరిట్ ఉండదట, సగం సర్టిఫికెట్లు దొంగవేనట. చదువుకున్నవాళ్లు కూడా "నిజమే కదా" అంటూ ఫార్వర్డ్ చేస్తున్నారు. నిజం కాదు. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదట పైలట్ సంగతి. వైకల్యం ఉన్నవాళ్లకు పైలట్ ఉద్యోగంలో కోటా కావాలని ఎవరూ అడగలేదు. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఇస్తుంది. కానీ ఏ పోస్టు ఏ రకం వైకల్యం ఉన్నవారు చేయగలరో ముందు గుర్తించాలని 33వ సెక్షన్ చెబుతుంది. పని స్వభావాన్ని బట్టి కొన్ని సంస్థలకు మినహాయింపు ఇచ్చే అధికారం 34వ సెక్షన్ కింద ప్రభుత్వానికి ఉంది. ఆ అధికారంతోనే 2021 ఆగస్టులో ఐపీఎస్‌ను రిజర్వేషన్ నుంచి మినహాయించారు. దాని మీద కేసు నడుస్తుండగా, 2022 మార్చిలో సుప్రీంకోర్టు వికలాంగులను తాత్కాలికంగా దరఖాస్తు చేసుకోనిచ్చింది. అంటే ఆ పోస్టు అడిగిన ప్రశ్నకు చట్టంలోనే జవాబు ఉంది. మూడు సర్వీసులనూ ఒకే గాటన కట్టేసి, ఆ జవాబు కనపడకుండా చేశారు.

డాక్టర్ల మాటకొస్తే, సురేశ్ అద్వానీ పేరు వినని క్యాన్సర్ వైద్యులు మన దేశంలో ఉండరు. చిన్నప్పుడే పోలియో వచ్చి చక్రాల కుర్చీకి పరిమితమైన ఆయనే మన దేశంలో ఎముక మజ్జ మార్పిడికి దారి వేశారు. 2012లో పద్మభూషణ్ అందుకున్నారు. ఆయన సర్జన్ కాదు. సర్జన్ కావాలని వికలాంగులందరూ పట్టుబట్టడమూ లేదు. వైద్యంలో ఒక్క సర్జరీయే ఉండదు కదా. నలభై శాతం వైకల్యం ఉందన్న ఒక్క కారణంతో ఎంబీబీఎస్ సీటు నిరాకరించకూడదని, ఆ విద్యార్థి నిజంగా ఏం చేయగలడో వైకల్యాన్ని అంచనా వేసే బోర్డు పరీక్షించి చెప్పాలని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఇక అసలు విషయం, ఫీల్డు వర్కు. ఎక్కువమందిని నమ్మించింది ఈ వాదనే.

ఫీల్డులో తిరగాలంటే రెండు కాళ్లూ బాగుండాలన్న మాట తెలుగు నేల మీద నిలబడదు. సూదిని జైపాల్‌రెడ్డికి పసితనంలోనే పోలియో వచ్చింది. ఊతకర్రల మీదే నడిచారు. కల్వకుర్తి పల్లెల్లో తిరిగి ఓట్లడిగి నాలుగుసార్లు ఎమ్మెల్యేగా గెలిచారు. తర్వాత లోక్‌సభకు వెళ్లారు, కేంద్రంలో పెట్రోలియం, పట్టణాభివృద్ధి శాఖలు చూశారు, ఉత్తమ పార్లమెంటేరియన్ అనిపించుకున్నారు. ఎన్నికల ప్రచారాన్ని మించిన ఫీల్డు వర్కు ఏముంటుంది?

ఐఏఎస్‌లోనే చూడండి. చూపులేని రాజేశ్ సింగ్ 2020లో జార్ఖండ్‌లోని బొకారో జిల్లాకు డిప్యూటీ కమిషనర్ (అక్కడ కలెక్టర్‌ను అలా అంటారు) అయ్యారు. చూపులేని ప్రాంజల్ పాటిల్ 2019లో తిరువనంతపురం సబ్‌కలెక్టర్‌గా బాధ్యతలు తీసుకున్నారు. మన తెలుగువారే అయిన కట్టా సింహాచలం కూడా చూపులేనివారే. రంపచోడవరంలో గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకు ప్రాజెక్టు అధికారిగా (పీవో) పనిచేశారు. అది మైదానంలో ఉన్న ఆఫీసు కాదు, కొండల్లో చెదిరిపోయిన గిరిజన గూడేలకు బాధ్యత వహించే ఆఫీసు.

కలెక్టర్ పనేమిటో కూడా ఒకసారి ఆలోచించాలి. జిల్లాలో ప్రతి గట్టూ ఎక్కడం కాదు. ఏ ఊరికి ఏం కావాలో తెలుసుకోవడం, తహసీల్దార్లతో, ఇంజినీర్లతో పని చేయించడం, నిధులు సకాలంలో విడుదలయ్యేలా చూడడం, తప్పు జరిగితే పట్టుకోవడం. వీటికి కావలసింది బుర్ర, నిజాయితీ, ఓపిక. వాహనం, డ్రైవర్, క్యాంప్ క్లర్క్ (సీసీ) ఏ కలెక్టర్‌కైనా ఉంటారు. చూపులేని అధికారికి వాటితో పాటు ఫైలును చదివి వినిపించే స్క్రీన్ రీడర్ కావాలి. అంతే తేడా.

జనం గోడు వినడం అన్నారు. ప్రజావాణికి సోమవారం పొద్దున్నే వచ్చి కూర్చునేవాళ్లలో వికలాంగులు ఎంతమంది ఉంటారో ఏ కలెక్టరేట్‌లోనైనా చూడవచ్చు. ట్రైసైకిల్ కోసం, ఆగిపోయిన పింఛను కోసం వస్తారు. వినికిడి లేనివాళ్లు వస్తే సైగల భాష తెలిసినవాళ్లను పిలిపించడం చేతకాని పనేమీ కాదు. సాక్షి మాట విని తీర్పు చెప్పే జడ్జి ఉద్యోగానికే చూపులేనివారిని అనర్హులు అనకూడదని 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. అర్జీ వినే అధికారికి అంతకంటే కఠినమైన కొలత ఎందుకు?

మెరిట్ లేదనడం మరీ బాధ కలిగించే మాట. ప్రశ్నపత్రం అందరికీ ఒకటే, ఇంటర్వ్యూ ఒకటే. కటాఫ్ వేరుగా ఉంటుంది, ఏ రిజర్వేషన్‌లోనైనా ఉన్నట్టే. ఇరా సింఘల్‌కు వెన్నెముక వంకర. 2010లో సివిల్స్ పాసైనా వైకల్యం సాకుతో పోస్టింగ్ ఇవ్వలేదు. ట్రిబ్యునల్‌కు వెళ్లి గెలిచారు. 2014 పరీక్షలో దేశం మొత్తానికీ మొదటి ర్యాంకు ఆమెదే. ప్రాంజల్ పాటిల్‌కు కూడా మొదట రైల్వే అకౌంట్స్ సర్వీసు వచ్చి, చూపు లేదన్న కారణంతో చేజారింది. మెరిట్ ఉన్నా తలుపు వేసేస్తున్నారు కాబట్టే చట్టం కావాల్సి వచ్చింది.

ఆ చట్టాన్ని కూడా ఎవరూ పిలిచి చేతికి ఇవ్వలేదు. అంధులు బ్రెయిలీలోనో, సహాయకుడితోనో సివిల్స్ రాయవచ్చన్న తీర్పును 1993లో సాధించింది అంధుల జాతీయ సమాఖ్యే. 1995లో మొదటి చట్టం వచ్చింది. అయినా పోస్టులు ఇవ్వకపోతే చూపులేని సివిల్స్ అభ్యర్థి రవిప్రకాశ్ గుప్తా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2010లో గెలిచారు. కోటా లెక్క ఎలా కట్టాలన్నదాని మీద అంధుల సమాఖ్యే 2013లో మరో తీర్పు తెచ్చుకుంది. ఒక తరం మొత్తం కోర్టుల చుట్టూ తిరిగితే దక్కిన హక్కు ఇది.

చివరిది దొంగ సర్టిఫికెట్లు. సగం దొంగవే అనడానికి ఎవరూ ఆధారం చూపరు, ఖేడ్కర్ పేరు ఒక్కటే చెబుతారు. ఆమె అభ్యర్థిత్వాన్ని యూపీఎస్సీ 2024 జూలై 31న రద్దు చేసింది. సర్వీసు నుంచీ తీసేశారు. మోసంతో ఈ ప్రయోజనాలు పొందితే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని వికలాంగుల హక్కుల చట్టం 91వ సెక్షన్‌లో ఉంది. దాన్ని గట్టిగా అమలు చేయమనండి, మేమూ మీతో కలిసి అడుగుతాం. కానీ ఒకరు చేసిన మోసానికి అందరినీ అనుమానిస్తే ఏమవుతుందో, వైకల్య శాతం తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో చూడండి. స్లాట్ దొరకబుచ్చుకుని, కొడుకును భుజాన వేసుకుని రెండు బస్సులు మారి వచ్చిన తల్లి, "పర్సంటేజీ తగ్గిస్తారేమో" అని టెన్షన్ పడుతూ వరుసలో నిలబడుతుంది. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పింఛన్ల పునఃపరిశీలన మొదలయ్యాక ఏళ్ల తరబడి మంచం మీద ఉన్నవాళ్లు కూడా ఆ పరీక్షకు సిద్ధపడాల్సి వచ్చింది. దొంగను పట్టుకోవలసింది సర్టిఫికెట్ ఇచ్చే దగ్గర, దాన్ని తనిఖీ చేసే దగ్గర. ఆ రెండు చోట్లా ఉన్నది వికలాంగులు కాదు.