మూడో నంబరు కౌంటరు వైట్‌నర్ సీసా గారికి

మహారాజశ్రీ వైట్‌నర్ సీసా గారి దివ్యసముఖమునకు,

గుంటూరు కొత్తపేట నుంచి ఒక దరఖాస్తుదారు వ్రాసుకొను విన్నపము. ఇచ్చట మేము క్షేమము. అచ్చట తమరు కూడా క్షేమమేనని నిన్న మధ్యాహ్నం కళ్ళారా చూశాను. మూత సరిగ్గా పెట్టరేమో, మెడ చుట్టూ కాస్త గడ్డకట్టారు గానీ ఒంట్లో సత్తువ మాత్రం తగ్గలేదు. స్టాంపు ప్యాడుకీ గుండుసూదుల డబ్బాకీ మధ్య తమరు కొలువుతీరిన ఆ ఆఫీసు పేరు ఇక్కడ రాయను. బెజవాడలో ఒక్కసారైనా పని పడ్డవాళ్ళకి అలాంటిది ఒకటి తెలిసే ఉంటుంది.

పని చిన్నదే. జాకెట్లు కుట్టే షాపు నాది. ఫాల్, పికో, మగ్గం వర్కు అన్నీ చేస్తాం. శ్రావణమాసం వస్తోంది, ఇంకో ఓవర్‌లాక్ మిషను ఉంటే చేతులకి కాస్త ఊపిరాడుతుందని లోనుకి దరఖాస్తు పెట్టాను. ఫారంలో 'తండ్రి లేక భర్త పేరు' అన్న గడితో నాకు వేరే తగాదా ఉంది, దానికి ఇంకోసారి తీరిగ్గా రాసుకుంటాను. రెండు చెవులూ కనపడేలా ఫోటో ఎందుకో, లోను తీర్చేది చెవులేనా అన్నది కూడా ప్రస్తుతానికి వదిలేద్దాం.

లింగం అన్నచోట మూడు గడులున్నాయి. పురుషుడు, స్త్రీ, ట్రాన్స్‌జెండర్. ఎవరో పుణ్యాత్ముడు ఎప్పుడో సర్క్యులర్ చదివి ఆ మూడోదాన్ని అచ్చు వేయించి ఉంటాడు. గడి ఉంది కదా అని నీలం ఇంకుతో టిక్కు పెట్టాను. అది సంక్రాంతి బొమ్మల కొలువులో బొమ్మలాంటిదని, చూసి ఆనందించాలే గానీ ముట్టుకోకూడదని నాకెవరూ చెప్పలేదు.

కౌంటరులో ఆయన ఫారం చూశాడు. నన్ను చూశాడు. "ఏమ్మా..." అన్నాడు. దాన్ని సగంలో మింగి "ఏవయ్యా..." అన్నాడు. అదీ గొంతు దిగలేదు. చివరికి ఫారంతోనే మాట్లాడాడు. "ఇదేంటి, ఇక్కడ కొట్టారు?"

"నాకు వర్తించేదే కొట్టాను సార్. ఆధార్‌లో అదే ఉంది, కలెక్టరుగారిచ్చిన కార్డులోనూ అదే ఉంది."

"టెన్త్‌లో మగ అని ఉందిగా. టెన్త్‌లో ఏదుంటే అదే ఫైనల్. తర్వాత వచ్చినవన్నీ సిస్టమ్ తీసుకోదు."

పక్క సీట్లోంచి ఇంకొకాయన తల ఎత్తకుండానే, "ఏదో ఒకటి రాసి పంపెయ్ గురూ, క్యూ పెరుగుతోంది" అన్నాడు.

అప్పుడే తమరి రంగప్రవేశం. ఆయన మిమ్మల్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల గోళీ టకటకలాడింది. మూత తిరక్కపోతే జేబురుమాలు చుట్టి తిప్పాడు. బ్రష్షు చివర ఉండకట్టిన తెల్లటి ముద్దని సీసా అంచుకి రాసి, నా టిక్కు మీద ఇటొక పూత, అటొక పూత. పక్కనున్న అచ్చు అక్షరాలు కూడా సగం మీ కింద పడ్డాయి. ఫారాన్ని మూతి దగ్గరికి తీసుకుని ఉఫ్, ఉఫ్ అని ఊదాడు. ఆరీ ఆరకముందే పురుషుడు గడిలో తన పెన్నుతో టిక్కు కొట్టేశాడు. ఆ టిక్కు నా చేతిరాత కంటే అందంగా ఉంది, ఆ మాట ఒప్పుకుని తీరాలి.

అయ్యా, తమరు నిన్న దేని మీద నుంచి నడిచి వెళ్ళారో తమకి ఎవరైనా చెప్పారా?

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టులో జస్టిస్ రాధాకృష్ణన్, జస్టిస్ సిక్రీ కూర్చుని, ఎవరి లింగమేమిటో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని తీర్పు రాశారు. ఆపరేషన్ జరిగి తీరాలని పట్టుబట్టడం అనైతికం, చట్టవిరుద్ధం అని కూడా అందులోనే రాశారు. (నా వెనక నిలబడ్డ పెద్దమనిషి సరిగ్గా అదే ప్రశ్న నా చెవిలో వేశాడు. ఆయనొచ్చింది పాసుబుక్కులో ఎంట్రీ వేయించుకోవడానికి. నా ఒంటితో ఆయన ఎంట్రీకి పనేమిటో నాకు ఇప్పటికీ బోధపడలేదు.) 2019లో పార్లమెంటు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణకి చట్టం చేసింది. గుర్తింపు పత్రంలో ఉన్నదే అన్ని అధికారిక పత్రాల్లోనూ రాయాలని ఆ చట్టం 6వ సెక్షను చెబుతోంది. పాన్ కార్డు ఫారంలో 2018లోనే గడి వచ్చింది. తమరి కౌంటరు నుంచి ఆటో మాట్లాడుకుంటే గంటలోపు చేరే దూరంలో, కృష్ణ అవతల అమరావతిలో హైకోర్టు ఉంది. 2025 జూన్‌లో అక్కడ జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప, ట్రాన్స్ మహిళ కూడా మహిళేననీ, పిల్లల్ని కనలేదన్న వంకతో ఆవిడకి భర్త, అత్తింటివాళ్ళ వేధింపుల మీద 498ఏ కింద ఫిర్యాదు చేసే హక్కు లేదనకూడదనీ చెప్పారు. ఆ కేసు ఆధారాలు చాలక కొట్టేశారు, అది వేరే సంగతి. ఆ తీర్పు పట్టుకుని నేను స్త్రీ గడిలోనే టిక్కు పెట్టి వాదించొచ్చు. పనిదినం, షాపులో ఆరు జాకెట్లు హెమ్మింగుకి ఉన్నాయి, రగడ ఎందుకులే అని ఆధార్‌లో ఉన్నదే కొట్టాను. దానిక్కూడా పూతే!

ఇంతమంది ఇన్నేళ్ళు రాసిందాన్ని బుడ్డి సీసా, ఒక్క ఉఫ్ కలిసి చెల్లకుండా చేసేశాయి. తమరి ముందు సుప్రీంకోర్టు ఎంత, పార్లమెంటు ఎంత. రాజ్యాంగ సవరణకి మూడింట రెండొంతుల మెజారిటీ కావాలని సివిక్స్‌లో అనవసరంగా బట్టీ పట్టించారు మాచేత.

సిస్టమ్ తీసుకోదట. నిన్న పొద్దున గుంటూరులో ఎక్స్‌ప్రెస్ బస్సెక్కాను. కండక్టరమ్మ ఆధార్ చూసింది, మిషను నొక్కింది, స్త్రీ శక్తి జీరో టికెట్టు చింపి చేతిలో పెట్టింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళతో పాటు మాకూ ఉంది ఆ పథకం. "లోపలికి జరుగమ్మా, మంగళగిరిలో ఎక్కేవాళ్ళున్నారు" అంది. అంతే. ఆవిడ మెడలో వేలాడే మిషను ఒప్పుకున్న మనిషిని, ఏసీ గదిలో కూర్చోబెట్టి అగరొత్తి వెలిగించిన మీ కంప్యూటరు ఎందుకు ఒప్పుకోదు? ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం వాళ్ళు ఇంటికొచ్చి ఎన్టీఆర్ భరోసా కింద 4,000 చేతిలో పెట్టే నా అక్కచెల్లెళ్ళున్నారు. ఆ జాబితాలో ట్రాన్స్‌జెండర్ అనే ఉంటుంది, ఏ సిస్టమూ అలగలేదు. పింఛనిచ్చేటప్పుడు కనపడే మనుషులం, కుట్టుకుని తీరుస్తాం అప్పివ్వండి అనేసరికి మాయమైపోతామా?

2011 జనాభా లెక్కల్లో మగ, ఆడ కాని మూడో కోడు కింద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 43 వేల పైచిలుకు మంది నమోదయ్యారు. ఇంట్లోవాళ్ళకి భయపడి రాయించుకోనివాళ్ళని వదిలేయండి. తలా ఒక పూత అనుకున్నా ఎన్ని పెట్టెలవుతారో, స్టోర్సులో ఇండెంటు ఇప్పుడే పెట్టించుకోండి.

పైగా ఇది బెజవాడ. వారధి మీద బస్సు తిరుగుతుంటే ఎదురుగా ఇంద్రకీలాద్రి. అర్జునుడు తపస్సు చేసిన కొండ అని చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఆ అర్జునుడే బృహన్నలగా విరాటుడి కొలువుకి ఉద్యోగం కోసం వెళ్ళాడు. ఆ రాజూ ఊరికే నమ్మలేదు, పరీక్ష చేయించాడు. కానీ పరీక్షయ్యాక ఉద్యోగమిచ్చాడు. "అయ్యా, గురుకులం సర్టిఫికెట్లో మగ అని ఉంది" అనలేదు.

అసలు కథ ఇంకా ఉంది. తమరి పూత పూయించుకున్న ఆ ఫారం పట్టుకుని ఐదో నంబరు కౌంటరుకి వెళ్ళాను. భోజనాల వేళ. ఆవిడ వచ్చి, గిన్నెల సంచీ సర్దుకుని, కళ్ళజోడు తుడుచుకుని, ఫారాన్ని వెలుగుకి ఎత్తి పట్టుకుంది.

"ఏంటిది, వైట్‌నర్ పూశావు?"

"నేను కాదు మేడమ్. మూడో కౌంటరు సార్ పూశారు."

"ఎవరు పూస్తే ఏంటి? దిద్దుబాటుంటే చెల్లదు. కింద చదువుకోలేదా?"

చదువుకున్నాను. అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. 'కొట్టివేతలు, దిద్దుబాట్లు గల దరఖాస్తులు తిరస్కరించబడును.' కొత్త ఫారం తెచ్చుకుని మళ్ళీ మూడు దగ్గర మొదలుపెట్టమంది. మూడులో ఆయన టీకి వెళ్ళాడు. ఆయనొచ్చేసరికి ఫారాలు అయిపోయాయి. ఫారాలు వచ్చేసరికి కౌంటరు టైము అయిపోయింది. అంటే నేను నిజం రాస్తే చెరిపేస్తారు, మీరు చెరిపినందుకు నా దరఖాస్తు కొట్టేస్తారు. ఇంత పకడ్బందీగా మా మగ్గం వర్కులో ముడి కూడా పడదు.

ఇక తమరు, దివ్యసముఖం, అన్నీ పక్కన పెడతాను. నీతోనే మాట్లాడుతున్నా, సీసా. నా గురించి నేను రాసుకున్నదాన్ని చెరిపే హక్కు నీకెవడిచ్చాడు? ఆ టిక్కు నేను ఊరికే పెట్టలేదు. దాని వెనక మా నాన్న మాట్లాడటం మానేసిన ఏళ్ళున్నాయి. ఇల్లు అద్దెకి చూపించి, గొంతు విన్నాక "వేరేవాళ్ళకి మాటిచ్చేశాం" అన్న ఓనర్లున్నారు. పోర్టల్‌లో దరఖాస్తు పెట్టి కార్డు చేతికొచ్చిన రోజు షాపు మూసేసి, నేనూ మా సరోజక్కా మిరపకాయ బజ్జీలు తిని ఏడ్చిన రోజుంది. అదంతా ఒక టిక్కులో పట్టించి నీలం ఇంకుతో పెట్టాను. నీకేం తెలుసు? ఎవడు ఊపితే వాడి పని చేసిపెడతావు.

సార్ అడిగి ఉంటే చెప్పేదాన్ని. "ఇది సరిగ్గానే కొట్టారా అమ్మా?" అని ఒక్క మాట. దానికి సర్క్యులర్ అక్కర్లేదు, సర్వర్ అక్కర్లేదు. క్యూలో అందరూ వినేలా "టెన్త్‌లో మగ" అని అరవకుండా, కార్డు చూసి, అందులో ఉన్న పేరుతో పిలిచి, అందులో ఉన్నదే ఎక్కించుకుంటే పని అయిపోయేది. ఆయనకీ టీ వేడిగా దొరికేది.

కోపమే గానీ, నిన్ను పూర్తిగా తిట్టుకోలేను కూడా. మన పరిచయం పాతది. బ్రాడీపేటలో ట్యూషను, తొమ్మిదో తరగతి. లెక్కల మాస్టారు బోర్డువైపు తిరగ్గానే డెస్కు కింద నిన్ను తీసేదాన్ని. ఎడమచేతి గోళ్ళకి నువ్వే నెయిల్ పాలిష్. ఆ తెలుపు గోటి మీద బిగుసుకుంటుంటే చల్లగా ఉండేది. కరెంటు లైటు కింద చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకునేదాన్ని. ట్యూషను వదిలాక స్కేలు అంచుతో గీకేసుకుని, సైకిలెక్కి ఇంటికి. ఒక్కోసారి చిటికెన వేలిది ఉంచుకునేదాన్ని, జేబులో పెట్టుకుంటే ఎవరికీ కనపడదని. ఒంటికి వాసన పట్టేసి అమ్మ "ఏంట్రా పెయింటు కంపు" అనేది. అంత సాయం చేసినదానివి, ఇప్పుడు ఆ ఊదేవాడి పక్షాన చేరావు.

సరే. ఈ లేఖతో పాటు సమాచార హక్కు చట్టం, 2005 కింద పది రూపాయలు కట్టి ఇంకో కాగితం కూడా మీ ఆఫీసుకి పంపిస్తున్నాను. దరఖాస్తుదారు సొంత చేత్తో నింపిన గడిని సిబ్బంది చెరిపేయవచ్చని చెప్పే జీవో నంబరూ, తేదీ, నకలూ ఇవ్వమన్నాను. 2019 చట్టం మీ ఆఫీసుకి చేరిందా, చేరితే ఏ బీరువాలో ఉంది, తాళం ఎవరి దగ్గరుంది అని అడిగాను. వైట్‌నర్ కొనుగోలు బిల్లులు కూడా అడిగాను. జవాబుకి 30 రోజులు గడువు. అందులో ఒక్క అక్షరం మీద నీ పూత కనపడినా అప్పీలుకి వెళ్తాను.

కొత్త ఫారం నింపేశాను. లింగం, మూడో గడి, టిక్కు. ఈసారి ఇంకు కాదు, పర్మనెంటు మార్కరు. సోమవారం పొద్దున్నే వస్తాను. శ్రావణమాసం ఆగదు, నాకు మిషను కావాలి.

ఇట్లు,
దరఖాస్తుదారు

జత: కలెక్టరుగారిచ్చిన గుర్తింపు కార్డు నకలు ఒకటి. ప్రయత్నించకు, లామినేషన్ చేయించాను.